ఆర్గన్ ఊపిరి తీసే చప్పుడు

2001 సెప్టెంబర్ 5న జర్మనీలోని హాల్బర్‌ష్టాట్ అనే ఊళ్లో, సెయింట్ బుర్కార్డి అనే పాత చర్చిలో ఒక ఆర్గన్ (గాలితో గొట్టాలు పలికే పెద్ద వాద్యం) కచేరీ మొదలైంది. అందులో మొదటి స్వరం వినపడింది 2003 ఫిబ్రవరి 5న. ఆ రచన మొదలయ్యేదే విరామంతో. ఆ విరామమే పదిహేడు నెలలు సాగింది. అన్నాళ్లూ ఆ చర్చిలో అడుగుపెట్టినవాళ్లకి వినపడింది తిత్తుల్లోకి గాలి కొడుతున్న చప్పుడొక్కటే. అమెరికన్ కంపోజర్ జాన్ కేజ్ 1987లో ఆర్గన్ కోసం సిద్ధం చేసిన ఈ రచనని వీలైనంత నెమ్మదిగా వాయించాలి. హాల్బర్‌ష్టాట్‌వాళ్లు దాన్ని 639 ఏళ్లకి సాగదీశారు. 1361లో ఆ ఊరి కెథీడ్రల్లో ఒక పెద్ద ఆర్గన్ కట్టారు, అక్కడినుంచి 2000 దాకా లెక్కేస్తే వచ్చే సంఖ్య అది. కచేరీ 2640లో ముగుస్తుంది.

ఎక్కువమందికి ఇది ఒక వింతవార్తగానే చేరింది. నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ పదిహేడు నెలలే. స్వరం ఇంకా పుట్టలేదు, గాలి మాత్రం ఉంది. ఆ గాలినే సంగీతంగా వినిపించే ఒక కంపోజర్ జర్మనీలో ఉన్నారు. ఆమె పేరు ఎవా-మరియా హూబెన్. ఈ వ్యాసం ఆమె గురించే. అంతకంటే ముందు ఒక చిక్కుముడి గురించి. ఆర్గన్ అంటే గోడలదిరేంత శబ్దం చేసే వాద్యం కదా, దాని కోసం ఇంత మెల్లని సంగీతం రాయడం ఏమిటి? అసలు ఆర్గన్ మీద మెల్లగా వాయించడం అంటే ఏమిటి?

హూబెన్ 1955లో, నెదర్లాండ్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న రైన్‌బెర్గ్‌లో పుట్టారు. ఎసెన్‌లోని ఫోల్క్‌వాంగ్ సంగీత కళాశాలలో చదువుకున్నారు, అక్కడే గిజ్‌బెర్ట్ ష్నైడర్ దగ్గర ఆర్గన్ నేర్చుకున్నారు. కొన్నాళ్లు స్కూల్లో జర్మన్, సంగీతం చెప్పారు. 1993 నుంచి డోర్ట్‌మండ్ విశ్వవిద్యాలయంలో సంగీత శాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేశారు. పియానో, ఆర్గన్ రెండూ ఆమె స్వయంగా వాయిస్తారు. రచనలు చాలా ఉన్నాయి. వాటిలో చాలాభాగం నెమ్మదిగా సాగేవి, మెల్లగా వినపడేవి, కాగితం మీద చూస్తే దాదాపు ఖాళీగా ఉండేవి.

ఇక్కడే ఒక పొరపాటుకి అవకాశం ఉంది. మెల్లని సంగీతం అనగానే మనకి తట్టేది ధ్యానం మ్యూజిక్, నిద్రపట్టడానికి పెట్టుకునే మ్యూజిక్. అది వెనకాల వినపడుతూ మనని జోకొడుతుంది. హూబెన్ సంగీతం అలా జోకొట్టదు. విననంతసేపూ ఏమీ జరగనట్టే ఉంటుంది, చెవి పెడితే మాత్రం చాలా జరుగుతోందని తెలుస్తుంది. ఆ జరిగేది ఏమిటో పట్టుకోవాలంటే ఆర్గన్ లోపలికి వెళ్లాలి.

మనకి దగ్గరగా తెలిసిన హార్మోనియంతో మొదలుపెడదాం. పద్యనాటకం చూసినవాళ్లందరికీ ఆ పెట్టె తెలుసు. ఎడమచేత్తో వెనక తిత్తి కొడతారు, కుడిచేత్తో మెట్లు నొక్కుతారు. గాలి వెళ్లి ఇత్తడి రీడుని ఆడిస్తుంది. పద్యం అందుకున్నప్పుడు తిత్తి గట్టిగా, వచనం దగ్గర మెల్లగా. అంటే శబ్దం ఎంత ఉండాలన్నది వాయించేవాడి ఎడమచేతిలోనే ఉంది. ఊపిరి అతనిదే.

పైప్ ఆర్గన్‌లో ఈ వీలు లేదు. గాలి కొట్టేది వేరే ఎవరో. పూర్వం ఆ పనికే మనుషులుండేవాళ్లు. వాయిద్యం వెనక నిలబడి పెద్ద తిత్తుల్ని కాళ్లతో తొక్కేవాళ్లు. ఇప్పుడు ఎలక్ట్రిక్ మోటార్ తొక్కుతుంది. ఆ గాలి ఒక పెద్ద తిత్తిలో నిలవ ఉంటుంది, పైన బరువులో స్ప్రింగులో పెట్టి ఎప్పుడూ ఒకే ఒత్తిడిలో ఉంచుతారు. ఆ ఒత్తిడిని నీటి ఎత్తుతో కొలుస్తారు. మామూలు చర్చి ఆర్గన్‌లో 60 నుంచి 100 మిల్లీమీటర్ల నీరు. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంతో పోలిస్తే అందులో నూరో వంతు కూడా కాదు. అంత పెద్ద చర్చిని నింపే శబ్దం వెనక ఉన్నది ఇంత చిన్న ఊపు.

అక్కడినుంచి గాలి ఒక పెట్టెలోకి వస్తుంది. ఆ పెట్టె మీద గొట్టాలు వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి. ఒక్కో వరసకి ఒక్కో గొంతు. ఏ వరస పలకాలో స్టాప్ అనే గుండీ లాగి చెప్తారు. మెట్టు నొక్కితే దాని కింది మూత తెరుచుకుంటుంది, గాలి గొట్టంలోకి పోతుంది. వదిలితే మూసుకుంటుంది. గట్టిగా కొట్టినా, ఈకలా తాకినా మూత తెరుచుకున్నాక వచ్చే శబ్దం ఒక్కటే. పియానోకి ఉన్న స్పర్శ దీనికి లేదు.

ఇంకో తేడా కూడా ఉంది, నా దృష్టిలో అసలైనది అదే. పియానో తీగని సుత్తి కొట్టిన క్షణంనుంచీ ఆ స్వరం చచ్చిపోతూనే ఉంటుంది. వాయించినవాడు చేయగలిగింది ఏమీ లేదు, అది తగ్గిపోతుంటే వినడం తప్ప. ఆర్గన్ స్వరం అలా తగ్గదు. మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ, మోటార్ తిరుగుతున్నంతసేపూ ఏ హెచ్చుతగ్గూ లేకుండా అలాగే నిలబడుతుంది. హాల్బర్‌ష్టాట్‌లో అందుకే మనుషులు కూర్చోనక్కర్లేదు. మెట్లకి చిన్న ఇసుక సంచులు వేలాడదీసి ఏళ్ల తరబడి ఒకే స్వరాన్ని నిలబెడుతున్నారు.

హూబెన్‌ని జీవితమంతా పట్టి ఉంచిన విషయం స్వరం మాయమయ్యే తీరు. శబ్దానికీ నిశ్శబ్దానికీ మధ్య ఉన్న చోటు గురించి, దాదాపు ఏమీ కానిదాని గురించి ఆమె మళ్లీ మళ్లీ రాశారు. వందల మంది వాయిద్యకారులతో కచేరీలు చేయించిన ఫ్రెంచ్ కంపోజర్ బెర్లియోజ్ మీద పుస్తకం రాసినా, అందులో ఆమె చూసింది అతని సంగీతంలో శబ్దాలు కనుమరుగయ్యే చోట్లనే. పియానో మీద ఆ మాయమవడం దానంతటదే జరుగుతుంది. మరి మాయమవడమే తెలియని వాద్యం మీద?

జవాబు గాలిలో ఉంది.

ఆర్గన్ మీద శబ్దం తగ్గించడానికి అందరికీ తెలిసిన దారులు రెండు. ఒకటి, మెల్లగా పలికే వరసని ఎంచుకోవడం. పైన మూత బిగించిన గొట్టాల వరస ఉంటుంది, జర్మన్లు గెడాక్ట్ అంటారు. నాలుగడుగుల గొట్టానికి మూత వేస్తే ఎనిమిదడుగుల గొట్టమంత మంద్రంగా పలుకుతుంది, గొంతు మాత్రం మెత్తగా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. రెండో దారి, కొన్ని వరసల్ని తలుపులున్న గదిలో పెట్టి, పాదంతో ఆ తలుపులు మూసుకుంటూ రావడం. ఈ రెండింటిలోనూ గొట్టం మాత్రం నిండుగానే ఊపిరి తీస్తోంది. మనకి తక్కువగా వినపడుతోంది, అంతే.

మూడో దారిలో గొట్టానికి అందే గాలినే తగ్గిస్తారు. పాత పద్ధతి ఆర్గన్‌లో స్టాప్ అంటే ఒక పొడవాటి చెక్కపట్టీ. దాని పొడవునా రంధ్రాలుంటాయి. గుండీ పూర్తిగా లాగితే పట్టీలోని రంధ్రాలు గొట్టాల కిందికి సరిగ్గా వచ్చి నిలుస్తాయి, గాలికి దారి దొరుకుతుంది. లోపలికి నెడితే దారి మూసుకుంటుంది. మరి సగమే లాగితే? లేదంటే చిటికెడు లాగి ఆపితే?

ఇక్కడ కాసేపు ఆగి దగ్గరగా వినాలి. మొదట వచ్చేది గాలి చప్పుడు, నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుంటే వినపడేలాంటిది. గుండీ ఇంకో వెంట్రుకవాసి కదిలితే ఆ గాలిలోంచి సన్నటి ఈల ఒకటి పైకి తేలుతుంది. అది ఆ గొట్టం అసలు స్వరం కాదు, అదే గొట్టం పలికించగల పై స్వరాల్లో (ఓవర్‌టోన్లలో) ఒకటి. ఇంకొంచెం లాగితే కింది స్వరం రావాలా వద్దా అని ఊగిసలాడుతుంది. వచ్చినా ఉండాల్సిన శ్రుతికి కాస్త కిందుగా వస్తుంది. ఇంకా లాగితే గబుక్కున గొట్టం మేలుకుంటుంది, నిండు స్వరం నిలబడుతుంది. ఇంత జరిగింది ఒక అంగుళం లోపే.

ఎందుకిలా? వేణువు పట్టుకున్న ఎవరికైనా ఇది చెప్పక్కర్లేదు. ఆర్గన్ గొట్టాల్లో చాలావాటికి రీడు ఉండదు, వేణువుకి ఉన్నట్టే ఒక నోరు ఉంటుంది. పలుచని గాలిపొర వెళ్లి ఆ నోటి అంచుకి తగిలి లోపలికీ బయటికీ ఊగుతుంది. ఆ ఊగడం గొట్టం పొడవుతో కుదిరినప్పుడు స్వరం పుడుతుంది. గాలి తగ్గితే శ్రుతి దిగుతుంది, ఇంకా తగ్గితే ఒట్టి ఊదుడు మిగులుతుంది. ఖాళీ సీసా మూతి మీద మెల్లగా ఊది చూడండి, అర్థమవుతుంది. హార్మోనియం రీడు ఇంత సున్నితం కాదు, తిత్తి బలహీనంగా కొట్టినా దాని శ్రుతి దాదాపు అక్కడే ఉంటుంది. గాలి ఎంత అందుతోందో శ్రుతిలోనే చెప్పేసేది ఆర్గన్ గొట్టం.

మెట్టుతో కూడా ఇది చేయొచ్చు. మెట్టుకీ మూతకీ మధ్య సన్నటి చెక్కపుల్లలతో కలిపిన ఆర్గన్ అయితే, మెట్టుని సగం నొక్కి పట్టుకుంటే మూత సగమే తెరుచుకుంటుంది. వేలు కింద ఒక చిన్న అడ్డు తగులుతుంది, లోపలి గాలి మూతని వెనక్కి నెడుతుంటే తెలిసే బరువది. ఆ బరువు దాటీదాటని చోట వేలిని నిలపడం కష్టం. అన్ని మెట్లూ కరెంటుతో పనిచేసే ఆర్గన్‌లో ఈ పని కుదరదు, అక్కడ స్వరం ఉంటుంది లేదా ఉండదు.

ఇందులోంచి ఒక పెద్ద చిక్కు వస్తుంది. రెండు ఆర్గన్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. యునెస్కో 2017లో జర్మనీ ఆర్గన్ నిర్మాణాన్ని, ఆర్గన్ సంగీతాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం ఆ దేశంలో 50,000కి పైగా ఆర్గన్లున్నాయి. ప్రతిదీ తన చర్చి కొలతలకి తగ్గట్టు కట్టిందే. సగం లాగిన స్టాప్ ఒక్కో ఆర్గన్ మీద ఒక్కోలా పలుకుతుంది. ఒకే ఆర్గన్‌లో కూడా పక్కపక్క గొట్టాలు వేర్వేరుగా స్పందిస్తాయి, వాటి కింది రంధ్రాల సైజులు వేరు కాబట్టి. చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. అందుకని కంపోజర్ ఇక్కడ ఏ శబ్దం రావాలో కచ్చితంగా రాయలేరు. ఏం చేయాలో మాత్రం చెప్పగలరు, వచ్చిందాన్ని వినమని అడగగలరు. ఇలాంటి రచనలు కాగితం మీద ఖాళీగా కనపడటానికి ఇదొక కారణం. మిగతాది వాద్యం పూరిస్తుంది.

ఈ దారి హూబెన్ ఒక్కరే వేసింది కాదు. హంగరీనుంచి వలసవచ్చిన కంపోజర్ లిగెటి 1960ల్లో ఆర్గన్ గాలిని లొంగదీయడం మొదలుపెట్టారు. 1967లో రాసిన ఒక ఎట్యూడ్‌లో (అభ్యాస రచనలో) పది వేళ్లూ పది మెట్ల మీద ఉంటాయి, ఒక్కోసారి ఒక్క వేలు మాత్రం పక్క మెట్టుకి జరుగుతుంది. గాలి ఒత్తిడి బాగా తగ్గించి వాయించాలి, అందుకోసం వాక్యూమ్ క్లీనర్ మోటార్ లాంటి బలహీనమైన మోటార్ వాడుకోవచ్చు. స్వరాలు పాలిపోయి, జ్వరమొచ్చిన మనిషి గొంతులా వస్తాయి. దాన్ని మొదట వాయించిన గెర్ట్ త్సాఖర్ తర్వాత ఎసెన్‌లోని ఫోల్క్‌వాంగ్‌లోనే పాఠాలు చెప్పారు. హూబెన్ చదువుకున్నదీ ఆ కళాశాలలోనే.

కానీ లిగెటి సంగీతంలో ఆ పాలిపోవడం ఒక రంగు, ఒక భయపెట్టే ప్రభావం. హూబెన్ దగ్గర అది వేరే పని చేస్తుంది. ఆ తేడా రావడానికి కారణం వాండెల్‌వైజర్ అనే కంపోజర్ల బృందం. 1992లో నెదర్లాండ్స్‌కి చెందిన ఆంత్వాన్ బ్యూగర్, జర్మనీకి చెందిన బుర్కార్ట్ ష్లోట్‌హావర్ కలిసి దాన్ని మొదలుపెట్టారు. స్విట్జర్లాండ్‌నుంచి యూర్గ్ ఫ్రై, అమెరికానుంచి మైకేల్ పిసారో లాంటివాళ్లు చేరారు. హూబెన్ తర్వాత వచ్చారు. వీళ్లందరికీ మూలం 1952లో కేజ్ రాసిన నిశ్శబ్ద రచన. పియానో దగ్గర మనిషి కూర్చుని నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లపాటు ఒక్క మెట్టు కూడా నొక్కడు. చాలామంది దాన్ని కొంటెపనిగా తీసుకున్నారు, కొందరు అక్కడితో సంగీతం అయిపోయిందన్నారు. వాండెల్‌వైజర్‌వాళ్లు మాత్రం అక్కడినుంచే మొదలుపెట్టారు. నిశ్శబ్దం కూడా సంగీతానికి పదార్థమే అయితే, దాని పక్కన ఒక స్వరాన్ని పెడితే ఏమవుతుంది? ఎంతసేపు పెట్టాలి? ఎప్పుడు తీసేయాలి?

హూబెన్ ఆర్గన్ సంగీతాన్ని ఈ ప్రశ్నతో వింటే దారి దొరుకుతుంది. 2018లో విడుదలైన ఆమె రచన పేరు 'బ్రెత్ ఫర్ ఆర్గన్', అంటే ఆర్గన్ కోసం ఊపిరి. ఆ పేరుకి కవితాత్మకమైన అర్థాలేవీ వెతకనక్కర్లేదు, ఉన్నదున్నట్టు తీసుకుంటే చాలు. స్వరానికీ ఒట్టి గాలికీ మధ్య ఉన్న గట్టు మీద నడిచే సంగీతం అది. ఒక స్వరం వస్తుంది. దాని పక్కనే ఇంకోటి, శ్రుతిలో రవ్వంత తేడాతో. ఒక గొట్టం సెకనుకి 440 సార్లు, ఇంకోటి 439 సార్లు కంపిస్తే, రెండూ కలిసిన శబ్దం సెకనుకి ఒకసారి ఉబ్బి తగ్గుతుంది. తేడా ఇంకా తగ్గితే ఆ ఉబ్బడం పది సెకన్లకోసారి వస్తుంది, ఛాతీ లేచి దిగినట్టు. వాయించే మనిషి కదలకుండా కూర్చుంటే చాలు, గాలి తనంతట తానే లయ పుట్టిస్తుంది. ఏ హెచ్చుతగ్గూ లేని వాద్యం అని ఇందాక రాశాను. మెల్లగా వాయించినప్పుడు తెలుస్తుంది, అది ఎప్పుడూ కదులుతూనే ఉందని. గట్టిగా వాయించినప్పుడు ఆ కదలిక కప్పబడిపోతోంది, అంతే.

పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ కంపోజర్ బాఖ్ గురించి ఆయన కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ చెప్పిన ఒక విషయం ఇక్కడ గుర్తొస్తుంది. కొత్త ఆర్గన్ పరీక్షించడానికి పిలిస్తే బాఖ్ మొదట చేసే పని అన్ని స్టాపులూ లాగేసి, రెండు చేతులా నిండుగా వాయించడం. దీనికి మంచి ఊపిరితిత్తులున్నాయో లేదో ముందు తెలియాలి అనేవారట. ఆర్గన్ కట్టినవాళ్ల ముఖాలు పాలిపోయేవట. ఆ ఊపిరితిత్తుల్నే హూబెన్ రెండో వైపునుంచి పరీక్షిస్తున్నారని నాకనిపిస్తుంది. ఎంత గాలి అడిగితే ఈ వాద్యం అలసిపోతుంది అన్నది బాఖ్ ప్రశ్న. గాలి ఎంత తగ్గించేదాకా ఇది ఇంకా పలుకుతుంది అన్నది హూబెన్ ప్రశ్న.

జర్మనీలోనే ఇంకో కంపోజర్ యాకోబ్ ఉల్‌మన్ ఇలాంటి చోటికే వేరే దారిలో వచ్చారు. 1958లో అప్పటి తూర్పు జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో పుట్టారు. గాట్‌ఫ్రీడ్ జిల్బర్‌మన్ 1714లో పూర్తిచేసిన ప్రసిద్ధ ఆర్గన్ ఉన్న ఊరది. ఉల్‌మన్ సైన్యంలో చేరనని నిరాకరించారు, డ్రెస్డెన్‌లో చర్చి సంగీతం చదివారు. ఆయన రచనలు వినికిడి అంచున ఉంటాయి, రికార్డింగులు కూడా కావాలనే చాలా తక్కువ స్థాయిలో చేశారు. ఆర్గన్ కోసం రాసిన 'సోలో 3' వింటుంటే వాల్యూమ్ పెంచుదామని చెయ్యి పోతుంది. పెంచకుండా ఉండటమే దాన్ని వినడం. గట్టిగా మాట్లాడే రాజ్యంలో పెరిగిన మనిషి ఇంత మెల్లగా రాయడంలో ఒక పట్టుదల ఉందని నేననుకుంటాను. హూబెన్ మెల్లదనంలో ఆ ప్రతిఘటన వినపడదు, అక్కడ ఉన్నది ఓర్పు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ తేడా గమనించడం మంచిది.

గది గురించి చెప్పకపోతే ఇది సగం వివరణే. పెద్ద రాతి చర్చిలో స్వరం ఆగాక కూడా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. కొలోన్ కెథీడ్రల్ లాంటి చోట పది సెకన్లు దాటుతుంది. గట్టిగా వాయించి ఆపితే ఆ తోక స్పష్టంగా వినపడుతుంది. మెల్లగా వాయించి ఆపితే ఎప్పుడు ఆగిందో చెప్పలేం. మెట్టు వదిలేశారా, ఇంకా పట్టుకునే ఉన్నారా? వినపడుతున్నది గొట్టమా, గోడా, నా జ్ఞాపకమా? మాయమవడం తెలియని వాద్యానికి హూబెన్ మాయమవడం నేర్పింది ఈ చోటే. బయట ట్రామ్ పోయిన చప్పుడు, ఎవరో బెంచీ మీద కదిలిన చప్పుడు కూడా అదే స్థాయిలో ఉంటాయి కాబట్టి అవీ ఇందులో కలిసిపోతాయి. అడ్డు తగిలినట్టు అనిపించదు.

ఫోన్‌లో వినేవాళ్లకి ఒక మాట. గాలి చప్పుడు అంటే అన్ని ధ్వనులూ కాస్తకాస్త కలిసిన గరగర. ఫైలు సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ చెవికి అక్కర్లేదనుకుని ముందుగా తీసిపారేసేది ఇలాంటివాటినే. బస్సులో ఇయర్‌ఫోన్లతో వింటే ఏమీ దొరకదు, టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. నేను రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ ఆపేసి వింటాను. మన ఊళ్లల్లో ఫ్యాన్ ఆపి కూర్చోవడం తేలికేం కాదు. మొదటి పది నిమిషాలు ఫ్రిజ్ మోటార్ ఎక్కువ వినపడుతుంది. అది ఠక్కున ఆగినప్పుడు ఆర్గన్ స్వరం ఒక్కసారి పెద్దదైనట్టుంటుంది, నిజానికి అది ఉన్నచోటే ఉంది. రెండోసారి ఫ్రిజ్ మొదలయ్యేసరికి దాని శ్రుతి ఏమిటో, ఆర్గన్‌తో ఎక్కడ కలుస్తోందో తెలుస్తూ ఉంటుంది.

ఆర్గన్ వాయించేవాళ్లకి తెలిసిన ఇంకో చప్పుడు ఉంది. మెట్టు నొక్కి పట్టుకునే మోటార్ స్విచ్ ఆపేస్తే స్వరం వెంటనే ఆగదు. తిత్తిలో మిగిలిన గాలి ఇంకా గొట్టంలోకి పోతూనే ఉంటుంది. తిత్తి మెల్లగా కిందికి దిగుతుంది, దాంతోపాటు శ్రుతి దిగుతుంది, స్వరం జారి, వణికి, ఈలగా మారి, చివరికి ఊదుడొకటే మిగులుతుంది. తర్వాత పైనున్న బరువు చెక్క మీద కూర్చున్న చిన్న టక్.